వెతకని చోట దొరికిన తిత్తి

(గురువుగారి స్మారకార్థం శస్త్రచికిత్స విద్యార్థుల, వైద్యుల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



 గురువుగారి దగ్గర కత్తి పట్టడం నేర్చుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ తెలుసు, ఆయన పెద్ద పెద్ద ఆపరేషన్ల గురించి గొప్పగా మాట్లాడేవారు కారు. రోజూ వచ్చే హెర్నియాల గురించే ఓపికగా, వివరంగా చెప్పేవారు. మామూలు ఆపరేషన్‌లో మెలకువగా ఉండడమే సర్జన్‌కు అసలు శిక్షణ అని ఆయన నమ్మకం. అందుకే ఈరోజు నేను ఎంచుకున్న విషయం కూడా హెర్నియా టేబుల్ మీదదే.

గజ్జల్లో వాపుతో ఒక మనిషి వస్తాడు. పరీక్ష చేస్తాం, హెర్నియా అని తేలుతుంది, ఆపరేషన్‌కు రోజు రాసిస్తాం. సంచి తెరిచి చూస్తే మామూలుగా ఉండే కొవ్వు పొరో పేగు మడతో కాకుండా, చిన్నపేగు అంచు నుంచి చేతి తొడుగు వేలులా బయటికి పొడుచుకొచ్చిన ఒక తిత్తి కనబడుతుంది. అది ఆ మనిషికి పుట్టుకతోనే ఉంది. ఆ సంగతి అతనికీ తెలియదు, తల్లికీ తెలియదు, మనకీ అప్పటిదాకా తెలియదు. దాని పేరు మెకెల్ డైవర్టిక్యులమ్. అది హెర్నియా సంచిలో దొరికితే ఆ హెర్నియాను లిట్రే హెర్నియా అంటాం. పరీక్షలో రెండు మార్కులకు మించి రాని ఈ ప్రశ్న మన వృత్తిధర్మాన్ని నేరుగా పరీక్షించే ప్రశ్న అని నా అభిప్రాయం. వెతకకుండా దొరికిన ఆ తిత్తిని ఏం చేయాలి? దాని గురించి ఎవరికి చెప్పాలి?

రెండు పేర్ల వెనక చరిత్ర

1700లో పారిస్‌లో అలెక్సీ లిట్రే అనే శరీరశాస్త్రవేత్త హెర్నియా సంచిలో చిక్కుకున్న పేగు తిత్తులను వర్ణించాడు. మృతదేహాలను కోసి చూసి రాసిన పరిశీలన అది. పేగు గోడలో ఒక భాగం సంచిలో ఇరుక్కుని, లాగుడుకు సాగి సాగి తిత్తిగా మారిందని ఆయన అనుకున్నాడు. అంటే ఆయన దృష్టిలో హెర్నియా ముందు, తిత్తి తర్వాత. కళ్ల ముందున్న రెండింటికీ కార్యకారణ సంబంధం కట్టడం ఏ కాలంలోనైనా సులువే.

ఈ క్రమాన్ని తిరగేసినవాడు జర్మనీలోని హాలే నగరానికి చెందిన యోహాన్ ఫ్రీడ్రిష్ మెకెల్. ఆ ఇంట్లో తాత, తండ్రి, మనవడు అందరూ శరీరశాస్త్రజ్ఞులే. ఈయనే ఆ మనవడు; 1781లో పుట్టి 1833లో పోయాడు. 1809లో ఆయన ప్రచురించిన పరిశోధనలో ఈ తిత్తి లాగుడువల్ల ఏర్పడింది కాదనీ, గర్భస్థ దశలో మూసుకుపోవలసిన ఒక నాళం మిగిలిపోగా ఏర్పడిందనీ చూపించాడు. ఈ తిత్తి ఎప్పుడూ చిన్నపేగు చివరి భాగంలోనే ఉంటుంది. రక్తనాళాల మడత అతుక్కునే వైపు కాకుండా దానికి ఎదుటి అంచునే ఉంటుంది. దాని గోడలో మామూలు పేగుకుండే పొరలన్నీ ఉంటాయి. లాగుడుకు సాగినదైతే ఇంత క్రమం ఉండదు. కోడిపిండంలో పేగు ఎలా ఏర్పడుతుందో కాస్పర్ ఫ్రీడ్రిష్ వోల్ఫ్ లాటిన్‌లో రాసిన గ్రంథాన్ని 1812లో జర్మన్‌లోకి తెచ్చింది కూడా మెకెలే.

ఇక్కడ కోడి మాట ఊరికే రాలేదు. కోడిపిల్ల గుడ్డులో ఉండగా పచ్చసొనకూ పేగుకూ మధ్య ఒక కాడ ఉంటుంది. పిల్ల బయటికొచ్చి పెరిగాక కూడా ఆ కాడ మొదలు చిన్న బొడిపెగా పేగు మీద మిగిలే ఉంటుంది. కోడికది సహజం. నాటుకోడి కోసి పేగులు శుభ్రం చేసిన చేతులు ఆ బొడిపెను తాకే ఉంటాయి. మనిషిలో మాత్రం అది మిగలకూడదు.

మూసుకోని రెండు దారులు

గర్భంలో నాలుగో వారానికి మన పేగు నడిమిభాగం సొనసంచి వైపు తెరుచుకుని ఉంటుంది. తర్వాత ఆ దారి సన్నబడి నాళమవుతుంది. ఏడెనిమిది వారాలకల్లా మూసుకుపోయి ఆనవాలు లేకుండా పోతుంది. ఇదే సమయంలో ఇంకో విచిత్రం జరుగుతుంది. కాలేయం వేగంగా పెరుగుతూ కడుపులో చోటు చాలక, ఆరో వారంలో పేగు మడతలు బొడ్డుతాడులోకి జారుతాయి. పదో వారానికల్లా మెలితిరుగుతూ లోపలికి వచ్చి తమ తమ స్థానాల్లో సర్దుకుంటాయి. అంటే పుట్టకముందు కొన్ని వారాలపాటు మనందరి పేగులూ కడుపు బయటే ఉన్నాయి.

సొన నాళం మూసుకోకపోతే అది ఎంతవరకు మిగిలిందన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది. పూర్తిగా తెరిచి ఉంటే పసిబిడ్డ బొడ్డులోంచి మలం కారుతుంది. గట్టి దారంలా మిగిలితే దాని చుట్టూ పేగు మెలిపడవచ్చు. రెండు చివరలూ మూసుకుని మధ్య భాగం మిగిలితే నీటితిత్తి అవుతుంది. పేగు వైపు చివర మాత్రమే మిగిలితే మెకెల్ తిత్తి. మనకు ఎక్కువగా కనిపించేది ఈ చివరిదే.

ఇక గజ్జల హెర్నియా వైపు చూడండి. మగబిడ్డలో వృషణం కిందికి దిగేటప్పుడు కడుపు లోపొర కూడా దానితో కొంతదూరం వస్తుంది. అలా ఏర్పడిన దారి పుట్టిన కాలానికి అటూ ఇటూగా మూసుకోవాలి. మూసుకోకపోతే అదే పిల్లల్లో వచ్చే హెర్నియా సంచి. కాబట్టి ఒక పసివాడి గజ్జల సంచిలో మెకెల్ తిత్తి దొరికిందంటే, గర్భంలో మూసుకోవలసిన రెండు దారులు రెండూ మూసుకోకుండా ఒకచోట కలిశాయన్నమాట. లిట్రే అనుకున్నట్టు ఒకదానివల్ల ఇంకొకటి రాలేదు. రెండూ ఆ బిడ్డతోపాటే పుట్టాయి.

ఎంత అరుదు, ఎంత ప్రమాదం

పాఠ్యపుస్తకాల్లో దీన్ని రెండుతో ముడిపెట్టి గుర్తుంచుకోమంటారు: నూటికి ఇద్దరికి ఉంటుంది, పెద్దపేగు మొదలయ్యే కవాటానికి రెండడుగుల దూరంలో ఉంటుంది, రెండంగుళాల పొడవుంటుంది, లక్షణాలు వచ్చేవాళ్లకు తరచు రెండేళ్లలోపే వస్తాయి. 2008లో వచ్చిన ఒక సమగ్ర సమీక్ష శవపరీక్షల లెక్కలన్నీ కూడి 1.2 శాతం అని తేల్చింది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 8.46 కోట్లు. ఆ శాతమే మనకూ వర్తిస్తే తెలుగు నేల మీద పది లక్షల మందికి పైగా ఈ తిత్తితో తిరుగుతున్నారు. వాళ్లలో అత్యధికులు దాన్ని మోస్తూనే బతికి, ఏ ఇబ్బందీ లేకుండా, ఏ డాక్టరుకూ తెలియకుండా వెళ్లిపోతారు.

మిగిలినవాళ్లకు మాత్రం అది చిన్న జబ్బు కాదు. కొన్ని తిత్తుల లోపలి పొరలో దారితప్పిన జీర్ణాశయ కణాలుంటాయి. అవి ఆమ్లాన్ని స్రవిస్తే పక్కనున్న పేగు గోడకు పుండుపడుతుంది. నొప్పి లేకుండా పసివాడికి మలంలో ధారగా రక్తం పడుతుంది. టెక్నీషియం స్కాన్‌లో వెలిగేది ఈ జీర్ణాశయ పొరే. అది లేని తిత్తి స్కాన్‌లో కనబడదు. పెద్దవాళ్లలో పేగు అడ్డుపడడం ఎక్కువ. తిత్తి వాచినప్పుడు అచ్చం అపెండిసైటిస్‌లాగే ఉంటుంది. అపెండిక్స్ బాగానే కనిపించిందంటే చిన్నపేగు చివరి మూడడుగులూ బయటికి తీసి చూడమని గురువుగారు పట్టుబట్టేది అందుకే.

లిట్రే హెర్నియాల్లో దాదాపు సగం గజ్జల్లో, మిగతావి ఎక్కువగా తొడ మొదట్లోనూ బొడ్డు దగ్గరా వస్తాయి. వీటిలో ఒక మోసం ఉంది, విద్యార్థులు దాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. మామూలుగా పేగు మడత మొత్తం ఇరుక్కుంటే కడుపు ఉబ్బుతుంది, వాంతులవుతాయి, గాలి కూడా పోదు. ఇక్కడ ఇరుక్కున్నది తిత్తి ఒక్కటే. పేగు దారి తెరిచే ఉంటుంది. విరేచనం అవుతుంది, వాంతులు ఉండవు, లోపల మాత్రం తిత్తి కుళ్లుతూంటుంది. తొడ మొదట్లో చిన్న గడ్డతో వచ్చిన పెద్దావిడ సిగ్గుపడి చెప్పకపోవచ్చు. మనం అక్కడ చెయ్యిపెట్టి చూడకపోవచ్చు. చర్మం ఎర్రబడ్డాక చీముగడ్డ అనుకుని గాటు పెడితే లోపలినుంచి మలం కారుతుంది. విరేచనం సాఫీగా అవుతోందన్న ఒక్క మాటతో నొప్పిగా ఉన్న హెర్నియాను రేపటికి వాయిదా వేయకండి.

తీయాలా, వదిలేయాలా

తిత్తి వాచినా, నల్లబడినా, చిల్లుపడినా, సంచికి అతుక్కుని హెర్నియా లోపలికి పోకుండా పట్టినా చర్చకు తావులేదు, తీసేయాలి. మెడ సన్నగా ఉంటే తిత్తి వరకు చాలు. మొదలు వెడల్పుగా ఉన్నా, వేళ్లకు గట్టిగా తగిలినా, పక్కన పుండున్నా ఆ కాస్త పేగుతో సహా తీసి కలిపి కుట్టాలి. తీసినదాన్ని తప్పక బయాప్సీకి పంపాలి.

అసలు కష్టం ఏ బాధా పెట్టని తిత్తితోనే. దీనిమీద యాభై ఏళ్లుగా వాదన నడుస్తోంది. 1976లో అమెరికాలోని ఇద్దరు వైద్యులు, జీవితకాలంలో ఇది బాధపెట్టే అవకాశం 4.2 శాతమేననీ, వయసు పెరిగేకొద్దీ అది సున్నాకు దగ్గరవుతుందనీ లెక్కగట్టి, వదిలేయమన్నారు. 1994లో మేయో క్లినిక్ వైద్యులు తమ జిల్లా జనాభా లెక్కతో అది 6.4 శాతమని చెప్పి, తీసేయమన్నారు. 2005లో అదే సంస్థ 1,476 మంది రోగుల వివరాలను పరిశీలించింది. యాభై ఏళ్లలోపు వయసు, మగవాడు కావడం, తిత్తి రెండు సెంటీమీటర్ల కంటే పొడవుండడం, లోపల వేరే కణజాలం ఉండడం అనే నాలుగు గుర్తులు చెప్పింది. ఒకే గుర్తున్నవాళ్లలో లక్షణాలు కనబడినవారు 17 శాతం, నాలుగూ ఉన్నవాళ్లలో 70 శాతం. మళ్లీ 2008 సమీక్ష, ఒక్క మరణాన్ని ఆపడానికి బాధపెట్టని తిత్తులు 758 తీయాల్సి వస్తుందనీ, తీసినవాళ్లలో ఆపరేషన్ తర్వాతి చిక్కులు 5.3 శాతం, వదిలినవాళ్లలో 1.3 శాతమేననీ చెప్పింది.

ఈ అంకెల్లో దేన్నీ తోసిపుచ్చను. కాని ఇవి ఎక్కువగా కడుపు తెరిచి చేసిన ఆపరేషన్లలోంచి వచ్చినవి. మనం మాట్లాడుతున్నది హెర్నియా గురించి. 1989లో లిక్టెన్‌స్టైన్ అనే సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి తర్వాత హెర్నియా అంటే వలలాంటి మెష్ వేయడమే అయింది. మెష్ ఒంటికి పరాయి వస్తువు. పేగు తెరవనంతసేపూ ఆ గాయం శుభ్రమైన గాయం. పేగు తెరిచిన క్షణంలో ఆ శుభ్రత పోతుంది. మెష్‌కు చీము పడితే మనిషి నెలల తరబడి డ్రెసింగులకు తిరగాలి, చివరికి మెష్ కూడా తీసేయాల్సి రావచ్చు. అందువల్ల హెర్నియా గాయంలోంచి కనబడిన, వాపు లేని, మెత్తని, స్వేచ్ఛగా కదిలే తిత్తిని, అందునా వయసు మళ్లినవారిలో, పేగుతోపాటు లోపలికి పంపి, ఒప్పుకున్న ఆపరేషన్ పూర్తి చేయడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. చిన్నపిల్లల సంగతి వేరు. వాళ్లకు మెష్ వేయం, ముందున్న జీవితం పొడుగు. అక్కడ తీయడంవైపు మొగ్గడానికి కారణముంది.

తీయగల చెయ్యి ఉంది కాబట్టి తీయాలనిపించడం సర్జన్‌కు సహజం. ఆ చేతిని ఆపుకోవడం కూడా మన విద్యలో భాగమే.

థియేటర్ తలుపు దగ్గర సంతకం

ఇప్పుడు నా అసలు మాటకొస్తాను. ఆ తిత్తి ఎవరిది? రోగిది. అది మన గొప్ప కేసు కాకముందు, మన ఫోనులో ఫొటో కాకముందు, అతని ఒంట్లో భాగం. దానిమీద నిర్ణయం అతనిదే, దాని గురించిన జ్ఞానమూ అతనిదే.

మన దగ్గర ఒక అలవాటు ఉంది. లోపల ఏదైనా అనుకోనిది కనబడితే నర్సును పంపి, వరండాలో కూర్చున్న భార్యనో కొడుకునో తలుపు దగ్గరికి పిలిపిస్తాం. మాస్కు కిందికి లాగి రెండు ముక్కలు చెప్తాం. కంగారులో ఉన్న ఆ మనిషి 'మీ ఇష్టం సార్' అంటాడు, చూపించిన చోట సంతకం పెడతాడు. దాన్నే అంగీకారం అనుకుంటాం.

2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ అలవాటును నేరుగా తాకింది. పరీక్ష కోసం లాప్రోస్కోపీకి ఒప్పుకున్న ఒక మహిళకు, ఆమె మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లి చేత ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. రోగి వయోజనురాలు, తాత్కాలికంగా మత్తులో ఉంది, ప్రాణాపాయం లేదు, కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. చేసిన పని రోగికి మేలే చేసినా సరే, ప్రాణం కాపాడడానికో ఆరోగ్యం నిలపడానికో అప్పటికప్పుడు తప్పనిసరైతే తప్ప, ఒప్పుకున్నదానికి మించి చేయకూడదని తేల్చింది. అదే తీర్పు ఒక దారి కూడా చూపించింది: ఆపరేషన్ మధ్యలో అవసరమయ్యే అదనపు పనికి ముందుగానే కలిపి అంగీకారం తీసుకోవచ్చు.

కుళ్లిన తిత్తిని తీయడానికి ఈ తీర్పు అడ్డురాదు. ఏ బాధా లేని తిత్తిని 'ఎలాగూ తెరిచాం కదా' అని తీయడానికి అడ్డొస్తుంది. అడ్డురావడమే న్యాయం. మన హెర్నియాలు చాలావరకు నడుముకు మత్తిచ్చి చేస్తాం, రోగి మెలకువగానే ఉంటాడు కదా, అక్కడే అడిగితే సరిపోదా అంటారు కొందరు. టేబుల్ మీద చేతులు కట్టి పడుకోబెట్టిన మనిషి, మత్తు మందులు ఎక్కి, ముఖానికి అడ్డంగా గుడ్డ ఉండగా చెప్పే 'సరే'ను ఒప్పుకోలు అనలేం. అడగాల్సింది ముందురోజు, వార్డులో, అతను మంచం మీద కూర్చుని ఉన్నప్పుడు. 'లోపల పేగుకు సంబంధించి మనకు ముందు తెలియనిది ఏదైనా కనబడొచ్చు. అది చెడిపోయి ఉంటే తీస్తాం. చెడకుండా ఉంటే ఊరికే వదిలి, తర్వాత మీకు చెప్తాం. మీకు సమ్మతమేనా?' అని అడగడానికి అర నిమిషం చాలు.

చేతికిచ్చే కాగితం

తిత్తిని వదిలేశామంటే మన పని అయిపోలేదు, అప్పుడే మొదలైంది. తీసేస్తే కథ అక్కడితో ముగుస్తుంది. వదిలేస్తే ఆ మనిషి దాన్ని బతికినన్నాళ్లూ మోస్తాడు. పదేళ్ల తర్వాత ఒక అర్ధరాత్రి ఇంకో ఊళ్లో కడుపునొప్పితో చేరవచ్చు. అక్కడి డ్యూటీ డాక్టరుకు ఆ తిత్తి సంగతి తెలిస్తే దారి వేరు, తెలియకపోతే వేరు.

2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను ఆసుపత్రి మూడేళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్ల తర్వాత ఆసుపత్రి దగ్గర ఉంటుందన్న భరోసా లేదు. తిత్తి మాత్రం ముప్ఫై ఏళ్లయినా ఉంటుంది. కాబట్టి నమ్మకమైన రికార్డు రోగి చేతిలో ఉన్న కాగితమే. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంట్లో భూమి పట్టాల పక్కన దాచుకునే జనం మనవాళ్లు. కాని అందులో మనం రాసేదేమిటి? సగం అక్షరాలు కుదించిన ఇంగ్లీషు. మెకెల్ అన్న మాట ఆపరేషన్ నోట్స్‌లో ఉండి డిశ్చార్జి కాగితంలోకి రాకపోవడమూ జరుగుతుంది.

గురువుగారు డిశ్చార్జి రోజున రోగినీ, వెంట వచ్చినవాళ్లనూ కూర్చోబెట్టి, ఏం చేశామో, ఏం చూశామో తెలుగులో చదివి వినిపించేవారు. వాళ్లు తిరిగి చెప్పేదాకా వదిలేవారు కారు. ఆ పద్ధతిని మనం కాగితం మీదికి తేవచ్చు. ఇలా రాయండి:

'మీ చిన్నపేగు చివరి భాగంలో పుట్టుకతో వచ్చిన చిన్న తిత్తి ఉంది. దాని పేరు మెకెల్ డైవర్టిక్యులమ్. హెర్నియా ఆపరేషన్‌లో దాన్ని చూశాం. ప్రస్తుతం దానివల్ల ఇబ్బంది లేదు కాబట్టి తీయలేదు. ఇది క్యాన్సర్ గడ్డ కాదు. పథ్యం అవసరం లేదు. ఎప్పుడైనా మలంలో రక్తం పడినా, వాంతులతో కడుపునొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, ముందుగా ఈ కాగితం చూపించండి.'

తీసేస్తే తీసేశామని, బయాప్సీలో ఏం వచ్చిందో కూడా ఇలాగే రాయండి. ఆపరేషన్ నోట్స్‌లో కవాటం నుంచి ఎంత దూరమో, పొడవెంతో, మొదలు ఎంత వెడల్పో, చేతికి ఎలా తగిలిందో నమోదు చేయండి. తర్వాత వచ్చే సర్జన్‌కు అవే దారి చూపుతాయి.

విద్యార్థులారా, సంచి తెరిచినప్పుడల్లా లోపల ఉన్నదాన్ని పేరుపెట్టి గుర్తించగలిగేలా చూడండి. చూడకుండా లోపలికి తోయకండి. ఈమధ్య లాప్రోస్కోపీలో కొన్ని పద్ధతులు కడుపులోపలికి పోకుండానే హెర్నియా సరిచేస్తాయి. వాటిలో ఈ తిత్తి కనబడే అవకాశం తక్కువ, ఆ పరిమితి తెలుసుకుని చేయండి. కనబడిందంటే ముందు దాని తీరు చూసి నిర్ణయించండి, కేసు అరుదన్న ఉత్సాహంతో కాదు. జర్నల్‌కు పంపాలనిపిస్తే పంపండి, అది మంచి పనే. కాని రోగి అనుమతితో, అతనికి తెలుగులో రాసిచ్చిన తర్వాత పంపండి. మూడు వందల ఏళ్ల కిందట లిట్రే రాసింది మృతదేహాల గురించి, వాళ్లకు చెప్పే అవకాశం ఆయనకు లేదు. మన రోగులు మత్తు దిగి లేచి కూర్చుంటారు, డాక్టరుగారు లోపల ఏముందో చెబుతారని ఎదురుచూస్తారు.

స్మారక నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడాది నుంచి ఈ సభలో పీజీలకు ఇచ్చే బహుమతిని ఉత్తమ పరిశోధనా పత్రంతోపాటు, రోగికి అర్థమయ్యేలా తెలుగులో రాసిన ఉత్తమ డిశ్చార్జి పత్రానికి కూడా ఇవ్వండి. న్యాయనిర్ణేతల్లో ఒక సర్జన్‌తోపాటు, వైద్యం చదవని ఒక గృహిణినో రైతునో కూర్చోబెట్టండి. గురువుగారి పేరు మీద ఇచ్చే బహుమతికి అంతకంటే తగిన పరీక్ష నాకు తోచడం లేదు.